ఉప్పునీళ్ళలో పెద్దావిడ

ఆ శనివారం గుమాస్తా పెట్టుకున్న పనులు మూడే. ఒంటిపూట ఆఫీసు చూసుకుని ఇంటికి రావడం, నాలుగింటికి చేపల కొట్టాయన వచ్చి తొట్టిలో ఉన్న రెండు చేపల్లో ఒకదాన్ని తీసుకుపోతే పక్కనుండి చూడడం, అయిదింటి నుంచి ఆరింటిదాకా ఎవరితోనూ మాట్లాడకుండా ఆ తొట్టి ముందు కూర్చోవడం. ఈ మాత్రానికి అంత రాద్ధాంతం అవుతుందని ముందే తెలిస్తే అతను ఆ రోజు మంచం దిగేవాడే కాదు.

అతను నీటి సరఫరా ఆఫీసులో ఫిర్యాదుల కిటికీ వెనక పంతొమ్మిదేళ్ళుగా కూర్చుంటున్నాడు. కుళాయిలో నీళ్ళు రావడం లేదని ఒకరు, వస్తున్నాయి కానీ వాసనేస్తున్నాయని ఒకరు, మాకు రాకపోతే పోయాయి, పక్కింటికి ఎందుకొస్తున్నాయని మరొకరు. అందరికీ ఒకటే జవాబు: "మీ ఫిర్యాదు నమోదైందండీ. వారంలో చర్య తీసుకుంటాం." నిద్రలో దుప్పటి లాగినా ఇదే మాట అంటాడని అతని భార్య చెబుతుంది.

ఉసూరుమంటూ ఇంటికొస్తే అక్కడ ఇద్దరు ఫిర్యాదీలు. ఒకరు కన్నతల్లి, ఇంకొకరు అత్తగారు. తల్లికి కళ్ళు దివ్యంగా ఉన్నాయి, ఎదుటి గోడమీద చీమ పాకితే పట్టేస్తుంది. చెవులే సరిగా పనిచేయవు. అత్తగారికి చెవులు అమోఘం, పైవాటాలో చెంచా కిందపడితే ఏ గదిలో పడిందో చెబుతుంది. చూపే ఆనదు. ఒక కంటికి ఆపరేషన్ చేయించుకోవడానికి నెలరోజులకని వచ్చింది. రెండో కన్ను ఇంకా మిగిలే ఉంది, నెల మాత్రం పద్నాలుగు నెలలైంది. ఇద్దరూ ఒకే గదిలో ఉంటారు. "వదినగారూ" అంటే "వదినగారూ" అని ఎంతో మర్యాదగా పిలుచుకుంటూ తెల్లారింది మొదలు తగువులాడుకుంటారు.

కిటికీ తెరవాలా వద్దా, ఫ్యాను ఎంతమీద పెట్టాలి, చీపురు తలుపు వెనక ఎవరు పెట్టారు, ఇలా తగువుకి ఏదైనా పనికొస్తుంది. కానీ అసలు తగువు ఒకటుంది. ఇద్దరిలో పెద్దెవరు? పెళ్ళినాటి నుంచి ఇది తేలలేదు. "మీరు పెద్దవారు, ముందు మీరు కూర్చోండి వదినగారూ" అని తల్లి అంటుంది. "అయ్యో, మీకన్నా నేను చిన్నదాన్ని, మీరే కూర్చోండి" అని అత్తగారు అంటుంది. చివరికి ఇద్దరూ నిలబడే ఉంటారు, కుర్చీ ఖాళీగా ఉంటుంది. ఆ ఇంట్లో కాసేపు కూర్చోగలిగేది ఒక్క పిల్లి అయ్యుండేది, వాళ్ళకి పిల్లి లేదు.

ఇలా ఉండగా అతనికి రక్తపోటు వచ్చింది. రాక ఏం చేస్తుంది? డాక్టరు రెండు మాటలు చెప్పాడు. "ఉప్పు తగ్గించండి. రోజుకో గంట నోరులేనిదాన్ని దేన్నయినా చూస్తూ కూర్చోండి."

"మా ఇంట్లో అలాంటివి లేవండీ," అన్నాడు గుమాస్తా.

"చేపల్ని పెంచుకోండి."

మంచినీళ్ళ చేపలంటే అతనికి మనసొప్పలేదు. పొద్దస్తమానం మంచినీళ్ళ గొడవే వింటున్నాడు కదా, వాటి తరఫున కూడా ఎవరైనా అర్జీ పెడతారేమోనని బెంగ. అందుకని ఉప్పునీళ్ళ చేపల కొట్టుకి వెళ్ళాడు. ఉప్పు తగ్గించమన్న డాక్టరు మాట తీరిన తీరు ఇదీ: మూడు కిలోల సముద్రపు ఉప్పు, అరవై లీటర్ల తొట్టి, సంచెడు ఇసుక, నాలుగు రాళ్ళు.

కొట్టు పేరు 'సాగర నిలయం'. ఇంట్లో మాత్రం ఆ పేరు ఎవరికీ తెలియదు, యజమానిని గుమాస్తా 'ఉప్పునీళ్ళాయన' అనే అంటాడు. ఉప్పునీళ్ళాయనకి ఒక అలవాటుంది. చేపల్ని 'అది', 'ఇది' అనడు. 'ఆవిడ', 'వారు' అంటాడు. "ముప్పయ్యేళ్ళుగా నాకు అన్నం పెడుతున్నవాళ్ళు సార్. 'అది' అంటే నోరు పడిపోదూ!" అంటాడు. మూడుసార్లు కొట్టుకి వెళ్ళొచ్చేసరికి ఈ జబ్బు గుమాస్తాకి కూడా అంటుకుంది.

చిన్న తొట్టికి గోబీలే మంచివన్నాడు ఉప్పునీళ్ళాయన. వేలెడంత చేపలు, పైపైన ఈదుతూ హడావిడి చెయ్యవు, అడుగున కూర్చుని లోకాన్ని చూస్తూ ఉంటాయి. ఈ చివరి ముక్క గుమాస్తాకి బాగా నచ్చింది. పసుపుపచ్చ గోబీ ఒకటి తీసుకున్నాడు. ఇసుకలో గుంత చూసుకుని, దాని వాకిట్లో కూర్చుని కాపలా కాసే రకం.

"ఒక్కర్తే ఉంటే దిగులు పడదూ?" అన్నాడు గుమాస్తా. ఆ పక్కన నారింజ చుక్కలున్న గోబీ కనిపించింది, పసుపుదాని కన్నా కొంచెం చిన్నది.

"ఆవిడా గుంతలో కాపురముండే రకమే సార్. చిన్న తొట్టిలో అలాంటివాళ్ళు ఇద్దరుంటే పడదు."

"రంగులు వేరుగా ఉన్నాయిగా."

"రంగు చూసి కాదు సార్, అలవాట్లు చూసి కలపాలి."

గుమాస్తా వినలేదు. పంతొమ్మిదేళ్ళు అందరూ చెప్పింది విన్నవాడు ఒక్కసారి వినకపోయాడు, అంతే. తొట్టి తెచ్చి హాల్లో తన కుర్చీ ఎదురుగా పెట్టుకున్న మర్నాటి నుంచి పెద్ద చేప చిన్నచేపని తరమడం మొదలుపెట్టింది. చిన్నది పైకి వచ్చి నీళ్ళ గొట్టం వెనక నక్కింది. ఆరు రోజుల్లో దాని తోక అంచు చిరిగింది. చూస్తూ కూర్చుంటే రక్తపోటు తగ్గాల్సింది పోయి చెవుల్లో హోరు వినిపించింది. అలవాటు కొద్దీ గుమాస్తా ఒక నోటుపుస్తకంలో నమోదు చేసుకున్నాడు. 'ఫిర్యాది: చిన్నావిడ. ఎవరిమీద: పెద్దావిడ. విషయం: ఉండనివ్వడం లేదు.' శుక్రవారం కొట్టుకి వెళ్ళి ఆ పుస్తకం చూపించి, ఏం చెయ్యాలో ఆలోచించి చెప్పమన్నాడు. "ఆఫీసులో సెల్లు ఎత్తను, ఇంటి ఫోనుకి చెయ్యండి," అని నంబరిచ్చాడు.

శనివారం కూడా ఇంటి మర్యాద ప్రకారమే తెల్లారింది. వంటింట్లో బకెట్టు నిండా ఉప్పు కలిపి పెట్టిన నీళ్ళుంటే, చూపానని అత్తగారు అందులోంచే గిన్నె ముంచి కాఫీ పెట్టింది. ఒక్క గుక్క తాగి తల్లి గ్లాసు బల్లమీద దించింది.

"వదినగారూ, మా అబ్బాయికి ఉప్పు వద్దన్నారు డాక్టరు, మీకు గుర్తుందా?"

"మూత పెట్టని బకెట్టు తోవలో పెట్టింది నేను కాదు వదినగారూ. కళ్ళున్నవాళ్ళు పక్కకి జరపచ్చుగా."

"చెప్పింది వినిపించి చావదు నాకు!"

"వినపడకపోతేనే నయం లెండి."

గుమాస్తా కాఫీ తాగకుండానే ఆఫీసుకి వెళ్ళాడు. బడిలో లెక్కలు చెప్పే అతని భార్య అంతకుముందే వెళ్ళిపోయింది.

పదకొండింటికి ఫోను మోగింది. ఆ ఇంట్లో ఫోను ఎత్తడం అత్తగారి పని, చెప్పింది కాగితం మీద రాయడం తల్లి పని. ఈ ఒక్క విషయంలో మాత్రం ఇద్దరికీ పేచీ లేదు. ఒకరికి కనపడదు, ఇంకొకరికి వినపడదు, అందుకని.

"హలో, సాగర నిలయం నుంచి మాట్లాడుతున్నానండీ. సార్ ఉన్నారా?"

"అల్లుడుగారు ఆఫీసుకెళ్ళారండీ. నేను వాళ్ళ అత్తగారిని."

"అయితే మీకే చెబుతానమ్మా. ఇంట్లో ఇద్దరికీ పడడం లేదని సార్ వారంరోజులుగా ఒకటే బాధపడుతున్నారు. మీరూ చూస్తూనే ఉంటారుగా."

అత్తగారు రిసీవరు ఇంకో చెవికి మార్చుకుంది. "ఎవరిద్దరికీ?"

"ఇంకెవరమ్మా, పెద్దావిడకీ చిన్నావిడకీ! పాపం, తప్పు వాళ్ళది కాదు. ఉన్నదా చిన్న చోటు. ఇద్దరూ ఇల్లు కదలని రకం. నేను బాగా ఆలోచించాను. పెద్దావిడని అక్కడే ఉండనిద్దాం. చిన్నావిడని సాయంత్రం నాలుగింటికి నేనొచ్చి తీసుకుపోతాను."

"ఎక్కడికి?"

"మా నిలయానికేనమ్మా. మీరేం బెంగపెట్టుకోకండి. ఆవిడలాంటివాళ్ళు మా దగ్గర పాతికమంది ఉన్నారు. వేళకి తిండి. ఒంట్లో బాగోకపోతే విడిగా పెడతాం. వారానికోసారి నీళ్ళు."

"వారానికి ఒక్కసారేనా?"

"అంతకన్నా ఎక్కువైతే తట్టుకోలేరమ్మా. పోయేదాకా ఏ లోటూ రానివ్వం. ఆఁ, ఇంకోమాట. చిన్నావిడకి ఈ మధ్యాహ్నం ఏమీ పెట్టకండి. ఖాళీ కడుపుతో ఉంటే ప్రయాణం సుఖంగా జరుగుతుంది. ఉంటానమ్మా."

అత్తగారు ఒక్కొక్క ముక్కా గట్టిగా చెప్పింది, తల్లి ఒక్కొక్క ముక్కా రాసింది. రాయడం అయ్యాక తల్లి కళ్ళజోడు సవరించుకుని మొత్తం చదివింది. తర్వాత చాలాసేపు ఇద్దరూ మాట్లాడలేదు. ఆ ఇంట్లో అంత నిశ్శబ్దం గుమాస్తా ఎన్నడూ ఎరగడు, ఆ సమయానికి అతనేమో కిటికీ వెనక ఉన్నాడు.

"అయితే పెద్దావిడ ఉంటుందన్నమాట," అంది తల్లి చివరికి.

"అలాగే అన్నారు."

తల్లి గొంతు సవరించుకుంది. "మీకెప్పుడూ చెప్పలేదు కానీ వదినగారూ, నేనే మీకన్నా పెద్దదాన్ని."

అత్తగారు తక్కువ తినలేదు. "భలేవారే! మా అమ్మాయి పెళ్ళప్పుడు ఏదో నాలుగేళ్ళు తగ్గించి చెప్పాను. అసలు పెద్దదాన్ని నేను."

"నేను అయిదేళ్ళు తగ్గించాను."

"నాకు ఊరంతా వరదొచ్చిన సంగతి గుర్తుంది."

"నాకు ఆ వరదకి ముందొచ్చిన కరువు గుర్తుంది!"

అప్పటిదాకా నల్లరంగు వేసుకోవడంలో పోటీపడిన ఇద్దరూ ఇప్పుడు పాపిట దగ్గర తెల్లవెంట్రుకలు చూపించుకున్నారు. మోకాళ్ళనొప్పి ఎవరికి ముందొచ్చింది, పళ్ళు ఎవరికి ముందు ఊడాయి, అన్నీ తిరగదోడారు. భోజనాల వేళకి పోటీ కంచాల్లోకి దిగింది. చిన్నావిడకి ఏమీ పెట్టద్దన్నారు కదా, కనుక తిన్నావిడే పెద్దావిడ. తల్లి కంచం నిండా అన్నం పెట్టుకుంది. అది కంటికి ఆనకపోయినా గరిటె చప్పుడు లెక్కపెట్టి అత్తగారు ఇంకో గరిటె ఎక్కువే పెట్టుకుంది. నాలుగు ముద్దలు తిన్నాక తల్లికి గొంతు దిగలేదు.

"ఊరికే మనలో మనకెందుకు? అబ్బాయినే అడిగేద్దాం," అంది.

వాళ్ళకి నోటికొచ్చిన ఆఫీసు నంబరు ఒక్కటే, ఊరంతటికీ నోటికొచ్చిన ఆ ఫిర్యాదుల నంబరే. మాట్లాడడానికి తల్లి, వినడానికి అత్తగారు, ఒకే రిసీవరుకి రెండు తలలు ఆనించి నిలబడ్డారు.

"నీటి సరఫరా ఫిర్యాదుల విభాగం, చెప్పండి."

"ఒరే, నేనురా. నిలయం నించి ఫోన్ చేశారు. నాలుగింటికి తీసుకెళ్ళడానికి వస్తారట!"

అవతల కిటికీ బయట ఒకాయన నాలుగురోజులుగా నీళ్ళు లేవని బల్ల గుద్దుతున్నాడు. గుమాస్తా ఒక చెవి ఆయనకిచ్చి రెండో చెవితో తల్లి మాట విన్నాడు. "మంచిదమ్మా. నేనే రమ్మన్నాను."

"తనే రమ్మన్నారట," అంది అత్తగారు మెల్లగా.

"ఎందుకురా?"

"ఎందుకేమిటమ్మా, నువ్వు మాత్రం చూడడం లేదూ? తెల్లారితే ఒకరిమీద ఒకరు పడిపోవడమే! ఇంటికొచ్చి గంటసేపు ప్రశాంతంగా కూర్చుందామంటే ఇద్దరూ కలిసి నా ప్రాణం తోడేస్తున్నారు. నావల్ల కావడం లేదు."

ఈ ముక్క అత్తగారు తల్లికి తిరిగి చెప్పలేదు. "పని ఎక్కువగా ఉందట," అంది.

"మరి వెళ్ళేది ఎవర్రా?"

"చిన్నావిడేనమ్మా. పెద్దావిడ కుదురుకుపోయింది, ఇప్పుడు కదిపితే బతకదు. నీ కోడలికి మాత్రం ఏమీ చెప్పకు. చిన్నావిడంటే దానికి ప్రాణం, ఏడుస్తుంది. సాయంత్రం నేనే నచ్చజెబుతాను." కిటికీ బయటాయన మళ్ళీ బల్ల గుద్దాడు. "మీ ఫిర్యాదు నమోదైందండీ, వారంలో చర్య తీసుకుంటాం," అంటూ గుమాస్తా ఫోను పెట్టేశాడు. ఆ చివరి మాట ఎవరితో అన్నాడో ఇద్దరికీ తెలియలేదు.

అత్తగారు తడుముకుంటూ వచ్చి మంచం అంచున కూర్చుంది. "మా అమ్మాయికి ప్రాణమంటే ఇంకెవరు? నేనే. నన్నే పంపిస్తున్నారు."

"ఏం, నా కోడలికి నేనంటే ప్రాణం కాదా?" అంది తల్లి. అనేసింది కానీ, ఆ మాట మీద తనకే నమ్మకం చాలలేదు.

"మీకో సంగతి చెబుతాను వదినగారూ, ఎవరితోనూ అనకండి. పోయిననెల్లో నేను మా అద్దింటి తాళాలు తిరిగిచ్చేశాను. అమ్మాయికి కూడా చెప్పలేదు. ఈ కన్నూ ఆ కన్నూ అంటూ ఇక్కడే ఉండిపోవచ్చనుకున్నాను. నాకు భయంగా ఉందండీ. ముక్కూమొహం తెలియని పాతికమంది మధ్య, చూపు కూడా లేకుండా, ఎలా ఉంటాను?"

చిన్నగా అన్న ఆ మాటలన్నీ తల్లికి ఎలా వినపడ్డాయో కానీ, వినపడ్డాయి. ఆమె లేచి మంచం కింద రేకుపెట్టె లాగింది. పెట్టె అడుగున, పాత చీర మడతల్లో, ఆమె బడి మానేసినప్పుడిచ్చిన సర్టిఫికెట్టు ఉంది. పుట్టిన తేదీ చక్కగా సిరాతో రాసి ఉంది. వదినగారి పుట్టిన ఏడు ఆమెకి తెలుసు, కళ్ళాసుపత్రి చీటీలన్నీ చదివి చెప్పేది తనే కదా. లెక్కవేసి చూసుకుంది. తనే పెద్ద. ఒకటీ రెండూ కాదు, మూడేళ్ళు పెద్ద. ఉండిపోవలసింది తనే.

ఆమె కాగితం వంక చూసింది, మంచం అంచున కూర్చున్న వదినగారి వంక చూసింది. పద్నాలుగు నెలలుగా రోజూ రాత్రి ఆ కంట్లో చుక్కలమందు వేసింది తను. గుమ్మంలో బెల్లు మోగినప్పుడల్లా "వదినగారూ, ఎవరో వచ్చారు" అని చెప్పింది ఆవిడ. ఇప్పుడు ఆవిడ వెళ్ళిపోతే తను ఎవరితో పోట్లాడాలి?

"దొరికిందండీ సర్టిఫికెట్టు!" అంది తల్లి పెద్దగా. "ఇదిగో, స్పష్టంగా రాసి ఉంది! మీకన్నా నేను రెండేళ్ళు చిన్న! పెద్దవారు మీరే! మీరు ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు!"

అత్తగారు తల అడ్డంగా ఊపింది. "అబద్ధం చెప్పేటప్పుడు మీ గొంతు హెచ్చుతుంది వదినగారూ. పద్నాలుగు నెలలుగా వింటున్నాను. పెద్దవారు మీరే."

"కాగితం నా చేతిలో ఉంది. మీరే పెద్ద!"

"కాగితం నాకు కనపడదు. మీరే పెద్ద!"

అలా ఇంకో గంట తగువులాడుకున్నారు. జీవితంలో మొదటిసారి ఇద్దరూ ఎదుటివాళ్ళ కోసం తగువులాడుతున్నారు, గొంతులు మాత్రం ఎప్పటిలాగే ఉన్నాయి. కంచాల్లో అన్నం ఎండిపోయింది. తినమంటే తినమని ఒకరి ముందుకి ఒకరు తోసుకున్నారే తప్ప ఇద్దరూ ఇంకో ముద్ద ముట్టలేదు, ఖాళీ కడుపుతో ఉంటేనే కదా ప్రయాణం. చివరికి తల్లి తీర్మానించింది. "ఒకరి కోసం వస్తే ఇద్దరం వెళదాం. ఇంత పెద్ద నిలయంలో ఇంకో మంచం ఉండదా? మీకు చూడడానికి నేనుండాలి, నాకు వినడానికి మీరుండాలి."

"వారానికోసారే నీళ్ళటండీ," అంది అత్తగారు.

"దానిమీద ఫిర్యాదు చేద్దాం."

మూడుంబావుకి గుమాస్తా భార్య బడినుంచి వచ్చేసరికి గుమ్మం పక్కన రెండు సంచులున్నాయి. ఒకదాంట్లోంచి తలగడ మూల, రెండోదాంట్లోంచి చుక్కలమందు సీసా కనిపిస్తున్నాయి. బల్లమీద ఇద్దరూ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

"ఇదేంటత్తయ్యా? ఎక్కడికమ్మా?"

"నిలయానికి. ఇద్దరం వెళ్ళిపోతున్నాం," అంది ఆమె తల్లి. "నువ్వు ఏడవకు. నువ్వు ఏడుస్తావనే అల్లుడుగారు నీకు చెప్పద్దన్నారు."

భార్య రాసిపెట్టిన కాగితం రెండుసార్లు చదివింది. ఏడవలేదు. లోపలికి వెళ్ళి తన బట్టలు కూడా ఒక సంచిలో కుక్కి తెచ్చి ఆ రెండిటి పక్కనా పెట్టింది.

నాలుగింటికి పది నిమిషాలుందనగా గుమాస్తా ఇల్లు చేరాడు. నాలుగురోజులుగా నీళ్ళు లేనాయన మూడుపేజీల అర్జీ రాయించి వదిలాడు, తల ప్రాణం తోకకొచ్చింది. మూడు సంచులు చూసి అతను అన్న మాట ఒక్కటే. "ఎక్కడికైనా ప్రయాణమా?"

"మిమ్మల్ని ఏమనాలో నాకు తెలియడం లేదు," అంది భార్య. "ఒక్కమాట నన్ను అడగాలనిపించలేదా?"

"అడిగితే బాధపడతావని..." గుమాస్తా తొట్టి వంక చూశాడు. "చిన్నావిడని పంపడం నాకు మాత్రం ఇష్టమా? కానీ నువ్వే చూస్తున్నావుగా, తోక చిరిగింది, తిండి లేదు..."

"ఎవరికండీ తోక?"

అప్పుడే బెల్లు మోగింది. వదినగారూ ఎవరో వచ్చారని అత్తగారు అలవాటుగా అంది. ఉప్పునీళ్ళాయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఒక చేతిలో చిన్న బకెట్టు, ఇంకో చేతిలో వల, భుజాన జోలె.

"సాగర నిలయం నుంచండీ. ఆవిడేరి?"

తల్లి లేచి నిలబడింది, వదినగారి చెయ్యి పట్టుకుని లేపింది. "ఒక్కరు కాదు, ఇద్దరం వస్తున్నాం."

ఉప్పునీళ్ళాయనకి అర్థం కాలేదు. ఇద్దర్నీ ఎగాదిగా చూశాడు. "ఇద్దరా? నేను ఒక్కరికే సంచి తెచ్చానమ్మా."

"మా సంచులు మాకున్నాయి."

"అది కాదమ్మా, నీళ్ళ సంచి. సగందాకా నీళ్ళు పోసి, ఆవిడని అందులో వేసి, మూతికి రబ్బరు చుట్టి తీసుకుపోతాను. అరగంటదాకా ఏమీ కాదు."

మొట్టమొదట అత్తగారే తేరుకుంది. "ఏమండీ, ఆవిడ అంటే... చేపా?"

"మరి చేపని ఆవిడ అనక ఏమంటామమ్మా!" అన్నాడు ఉప్పునీళ్ళాయన నొచ్చుకుని.

అత్తగారు బల్లమీద కూలబడిపోయింది. ఏడుస్తోందో నవ్వుతోందో ఆమెకే తెలియలేదు. ఆమె తిరిగి చెబితే విని తల్లి కూడా కూలబడింది. భార్య కాగితం మడిచి మొగుడి చేతిలో పెట్టింది. గుమాస్తా చదివాడు. 'నావల్ల కావడం లేదు' అని మధ్యాహ్నం తను ఫోనులో అన్న మాట గుర్తొచ్చి చెమట పట్టింది. "అమ్మా, అత్తయ్యగారూ, నేనన్నది ఆ గోబీల గురించి! మీ గురించి అలా ఎలా అనుకున్నారు? మిమ్మల్ని నేను పంపిస్తానా?" అన్నాడు. అంత మాట అన్నది నిజంగా గోబీల గురించేనా అని ఒక్క క్షణం తనకే అనుమానం వచ్చింది, ఆ సంగతి బయటపెట్టలేదు.

"అద్దింటి తాళాలు ఇచ్చేశానే," అంది అత్తగారు కూతురితో, అదే ఊపులో.

"మంచిపని చేశావు," అంది కూతురు, తన సంచి తీసి లోపల పడేస్తూ.

ఉప్పునీళ్ళాయన వల తీసి తొట్టి దగ్గరికి నడిచాడు. నీళ్ళ గొట్టం వెనక నక్కిన చుక్కల గోబీని చూసి నాలుక చప్పరించాడు. వల నీళ్ళలో మునగబోతుంటే తల్లి అడ్డం వచ్చింది.

"ఆగండి. ఆవిడ ఎక్కడికీ వెళ్ళదు."

"అమ్మా, ఇద్దరికీ పడదమ్మా!"

"పడకపోతే పడనివ్వండి. ఈ ఇంట్లోంచి ఎవర్నీ పంపించేది లేదు."

"అవునండీ," అంది అత్తగారు. "చిన్నదైనంత మాత్రాన పంపించెయ్యడమేనా?"

అన్నేళ్ళ కాపురంలో ఆ ఇద్దరూ ఒక్కమాట మీద నిలబడడం గుమాస్తా చూడడం అదే మొదలు. ఉప్పునీళ్ళాయన గడ్డం గోక్కుని, చిన్నావిడకి వేరే తొట్టి పెట్టాలన్నాడు. అందులో తోడు కావాలంటే నీలిగీత ఉన్న నియాన్ గోబీని తెస్తానన్నాడు. వారికి గుంత అక్కర్లేదు, రాళ్ళమీదే ఉంటారు, ఎవరి చోటికీ పోరు. పెద్దావిడకి తోడు మాత్రం ఆయన ముందే తెచ్చాడు. జోలెలోంచి సంచి తీసి చూపించాడు. అందులో గీతల గీతల రొయ్య ఒకటి ఉంది.

"ఈవిడకి చూపానదు. కానీ గుంత తవ్వడంలో దిట్ట. పెద్దావిడకి తవ్వడం రాదు, చూపు మంచిది. అందుకని ఈవిడ ఇల్లు కడుతుంది, ఆవిడ వాకిట్లో కూర్చుని చూస్తుంది. ఈవిడ మీసం ఎప్పుడూ ఆవిడ ఒంటిమీద వేసే ఉంచుతుంది. ఏదైనా వస్తే ఆవిడ తోక ఆడిస్తుంది, ఇద్దరూ లోపలికి దూరతారు. ఒకే ఇంట్లో ఎన్నేళ్ళయినా ఉంటారు సార్."

"పోట్లాడుకోరా?" అంది గుమాస్తా భార్య.

"అప్పుడప్పుడూ ఈవిడ కొండి టప్పున కొడుతుంది. గది అవతలికి కూడా వినబడుతుంది. అది మామూలే."

తల్లికి ఈ ముక్కలన్నీ అత్తగారు చెవిలో చెప్పింది. "రొయ్య ఏ రంగులో ఉంది వదినగారూ?" అని అడిగింది. తల్లి ముక్కు సంచికి ఆనించి వివరంగా చెప్పింది.

రెండో తొట్టి ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న వచ్చింది. హాలు ఇరుకు. భార్య ఇటూ అటూ కొలిచి, "ఆ కుర్చీ తీసేస్తే సరిగ్గా పడుతుంది," అంది. గుమాస్తా మాట్లాడేలోపు ఆ కుర్చీ బాల్కనీలోకి వెళ్ళిపోయింది. తొట్టి ఎదురుగా బల్ల వేశారు, ఇద్దరు పెద్దవాళ్ళూ దానిమీద సర్దుక్కూర్చుని పసుపు గోబీ గుణగణాల మీద అప్పుడే తగువు మొదలుపెట్టారు. అయిదింటికి గుమాస్తా బాల్కనీలో కూర్చున్నాడు. ఎదురుగా ఆరేసిన దుప్పటి ఉంది. దానికి నోరు లేదు, అదే పదివేలు.

ఉప్పునీళ్ళాయన బకెట్టు సర్దుకుని బయల్దేరుతూ జరిగింది మొత్తం విని పొట్ట చెక్కలయ్యేలా నవ్వాడు. గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగాడు.

"అమ్మా, అడుగుతున్నానని ఏమీ అనుకోకండి. ఇంతకీ మీ ఇద్దరిలో పెద్దావిడ ఎవరు?"

సర్టిఫికెట్టు అప్పటికే మళ్ళీ రేకుపెట్టె అడుక్కి చేరింది, పెట్టెకి తాళం పడింది. ఈ ఒక్క ప్రశ్న మాత్రం తల్లికి ఎవరూ తిరిగి చెప్పనక్కర్లేకపోయింది.

"ఆవిడే," అన్నారు ఇద్దరూ, ఒకరినొకరు చూపించుకుంటూ.